ఎనిమిది మీద టిక్కు

ఏడో వార్డు, నర్సుల గది. మధ్యాహ్నం రెండున్నర. పొద్దుటి షిఫ్టు అయిపోయినా ఇంటికి వెళ్ళని ఒక నర్సు. తలుపు తోసుకుని లోపలికొచ్చిన మేట్రను.

"ఎనిమిదా? ఎనిమిదా నీకు? నా మొహం చూసి చెప్పు!"

"ఏది మేడమ్?"

"ఏది మేడమా! క్షేమం కాగితం! షిఫ్టు దిగేముందు నర్సులంతా ఏదో ఒక మొహం మీద టిక్కు పెట్టి పోతారే, అది. ఆసుపత్రి మొత్తం మీద పొద్దున షిఫ్టులో ముప్పై రెండు మంది. ముప్పై ఒక్క మంది బుద్ధిగా రెండు మీద పెట్టారు, నవ్వు మొహం మీద. నువ్వొక్కదానివే వెతికి వెతికి ఏడుపు మొహం పట్టుకున్నావ్."

"ఏడుపు మొహం పది మేడమ్. ఎనిమిదంటే ఏడవబోయే మొహం."

"నాకే పాఠమా?"

"లేదు మేడమ్. మీటింగులో మీరే చెప్పారు కదా అని."

"మీటింగులో ఇంకోటి కూడా చెప్పాను. సున్నా పెడితే మరీ అబద్ధంలా ఉంటుంది, అందరూ రెండు పెట్టండి అని. చెప్పానా లేదా?"

"చెప్పారు."

"మరి అప్పుడు చెవుల్లో ఏం పెట్టుకున్నావ్?"

"స్టెతస్కోపు మేడమ్."

"నోర్ముయ్! నవ్వొస్తోందా నీకు? రెండింటికి క్లర్కు కాగితాలు పట్టుకెళ్ళాడు. రెండూ పదికి సూపరింటెండెంటు సారు ఫోను. కంప్యూటర్లో మన వార్డు ఎర్రగా వెలుగుతోందట. మిగతావన్నీ పచ్చగా, మనదొక్కటే ఎర్రగా, కురుపులాగ! నాలుగింటికి బయటి నుంచి తనిఖీ వాళ్ళొస్తున్నారు, ‘నర్సులు హాయిగా పనిచేసే ఆసుపత్రి’ అని బోర్డివ్వడానికి. గోడకి మేకు కూడా కొట్టేశాం ఆ బోర్డు కోసం. గంటన్నర ఆగలేకపోయావా? రేపు ఏడువు, ఎల్లుండి ఏడువు, ఇవాళే ఏడవాలా?"

"సారేమన్నారు మేడమ్?"

"ఏమంటారు? టిక్కు ఆరు దాటితే గంటలోపు ఆయనే స్వయంగా వచ్చి ఆ నర్సుతో మాట్లాడాలి, రూలు. క్షేమం కమిటీ ఛైర్మన్ కాబట్టి పెద్ద డాక్టరు గారు కూడా పక్కనుండాలి, అదీ రూలే."

"పెద్ద డాక్టరు గారు కూడానా?"

"హమ్మయ్య, ఇప్పుడు భయం వేసిందా?"

"వస్తున్నారా మరి?"

"రానివ్వను. నేనుండగా రానివ్వను. నువ్విక్కడ కూర్చో. కూర్చోమంటే! ఇదిగో తెల్ల కాగితం. రాయి. ‘పొరపాటున టిక్కు పెట్టాను. నేను ఈ వార్డులో చాలా హాయిగా ఉన్నాను.’ సంతకం పెట్టు. అది పట్టుకుని నేను ఫోన్ చేసి, సార్ మీరు రానక్కర్లేదు, పిల్ల కళ్ళు మూసుకుని పెట్టింది అని చెప్తాను."

"చాలా హాయిగానా, హాయిగానా మేడమ్?"

"చాలా హాయిగా."

"పెన్ను రాయట్లేదు."

"నాది తీసుకో."

"మీది ఎర్ర ఇంకు మేడమ్. హాయిగా ఉన్నానని ఎర్ర ఇంకుతో రాస్తే..."

"ఏయ్! నాటకాలా? ఏంటి నీ సంగతి? ఇంట్లో గొడవా? మీ ఆయన తాగుతాడా?"

"టీ తాగుతారు."

"కొడతాడా?"

"దోమల్ని."

"అత్తగారా?"

"నేను ఇంటికెళ్ళేసరికి మా అత్తగారు బకెట్లో వేడినీళ్ళు పెట్టి ఉంచుతుంది మేడమ్, కాళ్ళు పెట్టుకోవడానికి. ఆవిడ్ని ఏమీ అనకండి."

"అయితే నేనే! నాకు తెలుసు. తిప్పి తిప్పి నా దగ్గరికే వస్తుందని తెలుసు. మొన్నా నిన్నా డబుల్ డ్యూటీ వేశానని కక్ష. సెలవు చీటీ చింపేశానని కక్ష."

"చింపేశారా? రిజెక్టు అన్నారు కదా."

"ఏదో ఒకటి చేశానులే. నా మీదేనా రాసింది? మొహం మీద చెప్పు, పడతాను. కాగితం మీద రాసి పైకి పంపడం ఏంటి, దొంగదెబ్బ!"

"మీ మీద కాదు మేడమ్."

"డ్యూటీ మీదా?"

"డ్యూటీ గురించి అడుగుతారా? నిజంగా అడుగుతారా? పొద్దున ఆరింటికి తాగిన నీళ్ళు, మళ్ళీ ఇప్పటిదాకా గొంతులో చుక్క పడలేదు. తాగితే బాత్రూంకి వెళ్ళాలి. వెళితే ఇరవై బెడ్లు ఎవరు చూస్తారు? రెస్టు రూములో కొత్త సోఫా వేశారు, దాని మీద ప్లాస్టిక్ తీయొద్దన్నారు తనిఖీ అయ్యేదాకా. నిన్న కూర్చుంటే జారి కింద పడ్డాను. పొద్దున్నే స్పీకర్లో ఆవిడెవరో ‘ఊపిరి లోపలికి పీల్చండీ, నెమ్మదిగా వదలండీ’ అంటుంది, ఆ టైములో నేను మూడో బెడ్ తాతగారి కఫం తీస్తుంటాను. పీల్చమంటే ఏం పీల్చను మేడమ్?"

"అదీ! బయటపడింది కక్ష!"

"కాదు. దీనికంతటికీ కలిపి నాలుగు పెడతాను. ఎనిమిది పెట్టను."

"నాలుగట! బేరమాడుతోంది! ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను నేను ఈ పని. మోకాళ్ళు చూపించమంటావా? రెండూ ఉబ్బి గుమ్మడికాయల్లా ఉన్నాయి. నాకెవరైనా ఇచ్చారా మొహాల కాగితం? ‘అమ్మా నువ్వెలా ఉన్నావ్’ అని అడిగిన నాథుడు లేడు. నవ్వాం. చచ్చినట్టు నవ్వాం. మీకు అడిగేవాళ్ళున్నారు, దానికే నెత్తికెక్కింది."

"అడుగుతున్నారు మేడమ్, కానీ జవాబు కూడా వాళ్ళే చెప్తున్నారు. రెండు పెట్టు అని."

"మాటకి మాట! నీ పర్మనెంటు ఫైలు ఎవరి టేబులు మీద ఉందో తెలుసా?"

"మీ టేబులు మీద."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదు నెలల నుంచి."

"నేను ‘ప్రవర్తన బాగాలేదు’ అని ఒక్క ముక్క రాస్తే ఏమవుతుంది?"

"ఇంటికెళ్ళి నా కాళ్ళు నేనే బకెట్లో పెట్టుకోవాలి, రోజంతా."

"మరి రాయి! పొరపాటున..."

"‘పొరపాటున’లో ‘ర’కి ఒత్తుందా మేడమ్?"

"ఒత్తూ లేదు, గాడిదగుడ్డూ లేదు! రాయి... ఎవరది? తలుపెవరు కొడుతున్నారు? లోపలికి రావద్దు, మీటింగు!"

"మీటింగా? ఇద్దరూ తలుపేసుకుని మీటింగా ఇక్కడ? సిస్టర్, మిమ్మల్నే! అక్కడ మా నాన్న మళ్ళీ పళ్ళు కొరుకుతున్నాడు. వినపడుతోందా మీకు? వరండాలోకి వినపడుతోంది!"

"చూడమ్మా, నువ్వెవరు, ఏ బెడ్ తాలూకు?"

"తొమ్మిదో బెడ్! కూతుర్ని. మీరు మేట్రనా? మేట్రనై ఉండి ఏ బెడ్ అని నన్నడుగుతారా? నాలుగు రోజుల నుంచి అక్కడే స్టూలు మీద కూర్చున్నానండీ నేను, స్టూలుకి కూడా నేను గుర్తుంటాను!"

"గొంతు తగ్గించు. పక్కన పేషెంట్లుంటారు."

"మా నాన్న పేషెంటు కాడా? మాట్లాడలేడు కాబట్టి లెక్కలో లేడా? ఆ రోజు ఏం చెప్పారు మీరు? ఎముకలన్నిటికీ పాకింది, ఇక వైద్యం చేసి లాభం లేదు, సూదులూ గొట్టాలూ వద్దు, మిగిలిన రోజులు నొప్పి లేకుండా హాయిగా ఉంచుతాం, దాన్ని కంఫర్ట్ కేర్ అంటారు అని చెప్పి, నాతో సంతకం పెట్టించుకున్నారు. పెట్టాను. మా తమ్ముడు నన్ను తిట్టాడు, నాన్నని చంపడానికి సంతకం పెట్టావా అని. అయినా పెట్టాను, హాయిగా ఉంచుతామన్నారని! ఏదండీ హాయి? ఎక్కడ పెట్టారు దాన్ని, ఏ బీరువాలో?"

"అమ్మా, వస్తున్నాను, రెండు నిమిషాల్లో..."

"మీరు మాట్లాడకండి సిస్టర్! మీదీ అదే పాట. ‘చెప్పానమ్మా, డాక్టరు గారికి చెప్పానమ్మా’ అని మూడు రోజులు. నోట్లో దూదితో తడి అద్దడం, మోకాళ్ళ మధ్య దిండు పెట్టడం, పక్కకి తిప్పడం, అవన్నీ చేస్తున్నారు, కాదనను. నొప్పి తగ్గిందా? మా నాన్న దర్జీ. ఒకసారి మిషను సూది వేలిలోంచి ఇటు దూరి అటొచ్చింది. సూది విరిగిందని తిట్టుకున్నాడు తప్ప అబ్బా అనలేదు. ఆ మనిషి ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకుని పిండుతున్నాడు. కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి! మీకేం, షిఫ్టు దిగి పోతారు."

"షిఫ్టు దిగి అరగంటైంది. ఇక్కడే ఉన్నాను కదమ్మా."

"ఉండి ఏం చేస్తున్నారు? కాగితాలు రాసుకుంటున్నారు. కాగితాలు! రాయండి, బాగా రాయండి!"

"వెళ్ళిపోయింది. చూశావా తలుపెలా వేసిందో? అద్దం పగిలితే ఎవరు సమాధానం చెప్తారు? అసలు ఆ మనిషికి నొప్పి మందు రాయలేదా?"

"రాశారు మేడమ్. మార్ఫిన్, ఆరు గంటలకోసారి. ఆ డోసు ఆయనకి రెండు గంటలు పనిచేస్తుంది. మిగతా నాలుగు గంటలు దుప్పటి పిండుకుంటాడు."

"డ్యూటీ డాక్టరుకి చెప్పొచ్చు కదా?"

"చెప్పాను. పెంచాలంటే పెద్ద డాక్టరు గారి సంతకం కావాలన్నారు."

"మరి రౌండులో ఆయనకి చెప్పొచ్చు కదా?"

"ఆయన రౌండు ఎనిమిదో బెడ్ నుంచి పదో బెడ్‌కి దూకుతుంది మేడమ్. తొమ్మిది దగ్గర ఆగదు. వైద్యం ఆపేసిన బెడ్ దగ్గర చూడ్డానికి ఏముందని. వెనకాల పరిగెత్తి, సార్ తొమ్మిది అన్నాను. ‘తర్వాత’ అన్నారు. నిన్న కూడా ‘తర్వాత’ అన్నారు."

"సరే, సరే. పెద్దవాళ్ళకి సవాలక్ష పనులుంటాయి. ముందు మన కొంప సంగతి చూద్దాం. రాయి... ఆగు. ఆగు ఆగు ఆగు."

"ఏంటి మేడమ్?"

"తొమ్మిదో బెడ్ నొప్పి కాగితం ఎవరు నింపేది? నువ్వే కదా?"

"నేనే. పేషెంటు మాట్లాడలేకపోతే నుదురూ పిడికిలీ చూసి మేమే టిక్కు పెట్టాలి కదా."

"దాని మీద కూడా ఇవే మొహాలు! సున్నా నవ్వు, పది ఏడుపు. మన క్లర్కు మహానుభావుడు కొత్తగా ఏం గీయిస్తాంలే అని, పేషెంట్ల నొప్పి కాగితం తీసుకుని పైన హెడ్డింగు మార్చి, నర్సుల క్షేమం కాగితం అని జిరాక్సు కొట్టించాడు! రెండూ అచ్చు కవలపిల్లల్లా ఉంటాయి. నేనప్పుడే అన్నాను, ఎవరో ఒకరు బోల్తా పడతారు అని. అన్నానా లేదా?"

"అన్నారు."

"షిఫ్టు చివర రెండూ ఒకే టేబులు మీద పెట్టుకుని నింపావు కదూ?"

"రెండూ... అవును, ఒకే టేబులు మీద."

"నిద్రమొహంతో!"

"నిద్ర ఉంది మేడమ్, అబద్ధం ఎందుకు."

"అంతే! తారుమారు! ఆయన ఎనిమిది తీసుకొచ్చి నీ కాగితం మీద పెట్టావ్. నీ రెండు తీసుకెళ్ళి ఆయన కాగితం మీద పెట్టావ్! ఓరి దేవుడా, బతికించావ్! చూశావా, నీకేం రోగం లేదు! నువ్వు హాయిగానే ఉన్నావ్!"

"అయ్యుండొచ్చు మేడమ్."

"అయ్యుండొచ్చు కాదు, అయింది. ముందే చెప్పొచ్చు కదా మొద్దూ, ఇంతసేపు నాచేత తిట్టించుకోకపోతే? ఇంకేం, కాగితం తిరగరాద్దాం. ‘తొమ్మిదో బెడ్ పేషెంటు నంబరు పొరపాటున నా కాగితం మీద వేశాను.’ నిజం కాబట్టి మాట కూడా బాగుంది. తనిఖీ వాళ్ళకి చూపించినా తప్పు లేదు."

"అలా అయితే సార్లు రారా మేడమ్?"

"ఎందుకొస్తారు? రారు. పేషెంటు నొప్పికి ఎవరొస్తారు, నర్సు క్షేమానికి వస్తారు గానీ! ఏంటలా చూస్తున్నావ్? గండం గడిచింది, నవ్వు!"

"నవ్వుతున్నాను మేడమ్."

"ఆ మొహాన్ని నవ్వంటారా! సరే, ఆ నొప్పి కాగితం ఇలా తీసుకురా. దాని మీద పడ్డ రెండుని కూడా దిద్దేద్దాం. ఎవరైనా చూస్తే, ఎముకల కాన్సరు మనిషికి రెండేంటి అని నన్నడుగుతారు."

"అది బెడ్ దగ్గరుందేమో మేడమ్."

"అన్నీ ఈ రాక్‌లోనే కదా ఉంటాయి."

"కూతురు దగ్గరుందేమో..."

"కూతురి దగ్గరెందుకుంటుంది? జరుగు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, ఇదిగో. కళ్ళజోడు... నెత్తి మీదే ఉందా? ఆఁ. ఎక్కడ రెండు, ఎక్కడ వేశావ్ రెండు?"

"మేడమ్..."

"ఇవాళ పొద్దున... ఎనిమిది. ఇదేంటి? ఇవాళ్టిదీ ఎనిమిదే ఉందే. నిన్న మధ్యాహ్నం ఎనిమిది. నిన్న పొద్దున ఎనిమిది. మొన్న మధ్యాహ్నం ఎనిమిది. మొన్న పొద్దున... ఇదీ ఎనిమిదే. అన్నీ నీ చేతిరాతే. రాత్రి వాళ్ళు నంబరు వేయకుండా ‘పడుకున్నాడు’ అని రాసి ఊరుకున్నారు. ఐదు టిక్కులు, ఐదూ ఎనిమిది మీదే. మరి నీ రెండు ఏది? తారుమారైతే ఇక్కడ రెండుండాలి కదా?"

"ఉండాలి."

"నాకెవరూ చెప్పలేదే! మూడు రోజులు ఎనిమిదుంటే ఒక్కరైనా నాకు చెప్పారా?"

"పక్క గడి చూడండి మేడమ్."

"ఏ గడి?"

"‘చూసినవారు’ అని ఉంటుంది. ప్రతి ఎనిమిది పక్కనా మీ సంతకం ఉంది. చాలా నీటుగా ఉంది మేడమ్."

"నేను... రోజుకి రెండు వందల కాగితాలకి పెడతాను సంతకాలు. చదువుతూ కూర్చుంటే అవుతుందా? నన్ను బోనెక్కిస్తున్నావా? నువ్వొచ్చి నోటితో చెప్పాలి!"

"మొన్న చెప్పాను. మీరు కర్టెన్లు ఇస్త్రీ చేయిస్తున్నారు, తనిఖీ కోసం. ‘తర్వాత’ అన్నారు."

"అన్నానేమో! అంటాను! పని ఒత్తిడిలో వంద అంటాను! నాకెంత మంది... ఫోను. ఆ ఫోను ఇలా ఇవ్వు. హలో... సార్! నమస్తే సార్. లేదు సార్, అంత కంగారేం లేదు, చిన్న పొరపాటు సార్, రాయిస్తున్నాను... మీరు రానక్కర్లేదు సార్... అవునా సార్... పెద్ద డాక్టరు గారు కూడానా... ఆఁ... ఫోటోనా సార్... అలాగే సార్. ఇక్కడే ఉంది సార్, పంపించలేదు. ఉంచుతాను సార్."

"ఏమన్నారు మేడమ్?"

"కింద లిఫ్టు దగ్గరున్నారట ఇద్దరూ."

"పెద్ద డాక్టరు గారు కూడా ఉన్నారా? కచ్చితంగా?"

"ఉన్నారన్నానా! పొరపాటైనా సరే రావాల్సిందేనట. ఎర్ర వార్డుకి పరిగెత్తుకొచ్చి, నర్సు భుజం తట్టి ఓదార్చారు అని తనిఖీ వాళ్ళకి చూపించడానికి ఫోటో కావాలట. కెమెరా ఆయన్ని కూడా వెంటబెట్టుకొస్తున్నారు."

"ఫోటో తీసేవాళ్ళు కూడానా. మంచిదే."

"ఏంటి మంచిది? నువ్వు నా మీద తోసేస్తే నేను మాత్రం ఊరుకుంటాననుకున్నావా? ఇదిగో, రెండే నిమిషాలున్నాయి. నిజం చెప్పు నాకు. తిట్టను. తిడతాను గానీ చెప్పు. తారుమారు కాలేదు కదూ?"

"కాలేదు మేడమ్."

"నేను తారుమారు అంటుంటే తల ఊపావే?"

"ఇంకో పది నిమిషాలు గడవాలి కదా మేడమ్. మీరు ఫోన్ చేసి వద్దని చెప్పకుండా."

"అంటే వాళ్ళు రావాలనే... మతి ఉందా నీకు? ఉద్యోగం పోతుంది! వాళ్ళొచ్చి ‘చెప్పమ్మా, నీకేం కష్టం’ అంటే ఏం చెప్తావ్?"

"చెప్పను. చెప్పడం అయిపోయింది. తొమ్మిదో బెడ్ కర్టెన్ పక్కకి లాగుతాను, ఫోటో అక్కడే తీసుకోమంటాను. మందు పెంచే సంతకానికి పెన్ను మాత్రం మీరివ్వండి, నాది నిజంగానే రాయట్లేదు."

"నీకసలు... ఇటు చూడు. ఇటు చూసి చెప్పు నాకు. క్షేమం కాగితం మీద నీ పేరుంది, కింద నీ సంతకం ఉంది. మరి ఆ ఎనిమిది నీది కాకపోతే, కావాలని, తెలిసి తెలిసి, నీ కాగితం మీద ఎందుకు వేశావ్?"

"ఆయన కాగితం మీద ఐదుసార్లు వేశాను మేడమ్, ఒక్కరూ రాలేదు. ఆరోసారి నా కాగితం మీద వేశాను."